బావి ఉన్నోళ్ళకు బోరు లేదు

ఫోటోలో బావి పడకూడదన్నాడు సారు. అందుకని ఉన్న బావిని పూడ్చేశాం. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తరువాత నా మొహం చూసి ఆపేస్తారు. నవ్వితే నవ్వండి. కానీ మొత్తం విన్నాక నవ్వండి.

మాది శ్రీకాళహస్తి నుంచి పుత్తూరు వైపు వచ్చే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉన్న పల్లె. నాయనకు నేనొక్కతే బిడ్డను. మా ఆయన లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు కాబట్టి, అమ్మ పోయాక నేను వచ్చి నాయన దగ్గరే ఉండిపోయాను. మాకున్నది ఎకరంన్నర. అందులో ఇంటికి ఆనుకున్న వైపు మల్లెతోట, మిగతాది వాన పడితే వేరుశనగ, పడకపోతే గడ్డి. మా ఇల్లు నడిచింది మాత్రం ఆ మల్లెతోట మీదే. తెల్లారేలోపు మొగ్గలు కోసి, తడిగుడ్డలో మూటగట్టి, మొదటి బస్సుకు తిరుపతి పూల అంగళ్ళకు పంపేదాన్ని. తిరుపతిలో పూలు వద్దనేవాళ్ళు ఉండరు కదా.

మల్లెతో వచ్చిన చిక్కల్లా అది ఎండల్లో పూయడమే. చెరువుల్లో బురద కూడా ఎండిపోయి, కుక్కలు నీళ్ళకు నాలుకలు చాపుకుని తిరిగే రోజుల్లో దానికి నీళ్ళు కావాలి. ఆ రెండు మూడు నెలలు తడి అందితే తోట బతుకుతుంది. తోట బతికితే నేను కంపెనీ వ్యాను ఎక్కే పని లేదు.

ఆ వ్యాను గురించి చెప్పాలి. మా ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు తడ దగ్గరి కంపెనీలకు పోతారు. నాయుడుపేట వైపు పోయేవాళ్ళూ ఉన్నారు. ఇంకా చీకటిగా ఉండగానే వ్యాను వచ్చి హారను కొడుతుంది. షిఫ్టు మొత్తం నిలబడే పని. బాత్రూముకు పోవాలన్నా ఒకరిని అడిగి పోవాలి. సాయంత్రం దిగేటప్పుడు ఒక్కొక్కరి కాళ్ళు చూస్తే మనసు చివుక్కుమంటుంది. తప్పుడు పని అని నేను అనను, ఆ జీతంతోనే బిడ్డలను చదివించుకుంటున్నారు. నాకు వద్దు, అంతే. నా మొక్క నాకుంది, నా ఇష్టం వచ్చినప్పుడు నేను కూర్చుంటాను. ఇంత చిన్న కోరికకు కూడా నీళ్ళు కావాల్సి వచ్చింది, అదీ మా ఖర్మ.

మా బావిని తాత, తాత అన్న కలిసి తవ్వించారు. వాళ్ళ తరువాత ఒక భాగం నాయనది, ఒక భాగం పెదనాయన కొడుకుది. ఆయన్ని నేను అన్న అంటాను, అన్న చేను మా చేనుకు ఆనుకునే ఉంటుంది. బావిలో నీళ్ళకు వంతులుండేవి. ఒకరోజు మాది, ఒకరోజు వాళ్ళది. పొద్దు పొడవగానే వంతు మారేది. దాని మీద పెదనాయనకూ నాయనకూ మాటలు లేని కాలంలో కూడా తగాదా రాలేదు. ఒక కట్టుబాటు ఉండేది: ఒకరింట్లో చావు జరిగిన రోజు వాళ్ళ వంతు పడితే, అవతలివాళ్ళు వచ్చి వీళ్ళ పైరుకు నీళ్ళు కట్టాలి. వంతు వృథా కాకూడదు. అమ్మ పోయిన రోజు మా వంతే. అమ్మను తీసుకుపోవడానికి ముందు అన్న పార భుజాన వేసుకుని మా మల్లెతోటకంతా నీళ్ళు కట్టి, ఆ తరువాత వచ్చి పాడె పట్టాడు.

అలాంటి బావి ఎండిపోయింది. చుట్టూ మామిడి తోటల వాళ్ళు బోరు మీద బోరు వేసి లోపల ఉన్నదంతా లాగేస్తే పైనున్న బావికి ఏం మిగులుతుంది? కార్తీకం వానలకు కాసిన్ని నీళ్ళు చేరేవి, ఎండలు మొదలయ్యేసరికి అడుగు రాళ్ళు కనిపించేవి. తోటను ఎలాగో బతికించుకొచ్చాం. ఇంకో పక్క చేను ఆయన బోరు నుంచి గొట్టం వేసుకుని, ఆయన సరేనన్న రోజు పట్టుకోవడం, కాదన్న రోజు మొహం వేలాడేసుకుని రావడం. కరెంటు రాలేదంటాడు, మోటారు వేడెక్కిందంటాడు. నీళ్ళు ఆయనవి, ఏమంటాం? ఆకులు వాడిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో మొక్క పెంచినవాళ్ళకే తెలుస్తుంది.

అలాంటప్పుడు చిన్న రైతుల పొలాల్లో ప్రభుత్వమే బోరు వేయిస్తుందని తెలిసింది. పక్క పక్క చేన్లు ఉన్నవాళ్ళు కలిసి అడిగితే త్వరగా వస్తుందన్నారు. అన్నా నాయనా కలిసి పేర్లు ఇచ్చారు. నాకు ఎంత ఆశ పుట్టిందంటే, తోట పక్కన ఇంకో రెండు సాళ్ళు కనకాంబరం పెట్టుకోవచ్చని నేల కూడా చూసిపెట్టుకున్నాను.

పొలం చూడడానికి ఒక సారు వచ్చాడు. చెడ్డవాడు కాదు, అదే నాకు ఇంకా మంట. నాయనను పెద్దాయనా అని పిలిచాడు, ఇచ్చిన మజ్జిగ తాగాడు, మల్లెమొగ్గలు చూసి వాళ్ళావిడకు ఇష్టమన్నాడు, నేను గుప్పెడు కోసి ఇచ్చాను కూడా. అంతా తిరిగి చూసి బావి దగ్గర ఆగిపోయాడు. బావి ఉన్నట్టు మీరు చెప్పలేదే అన్నాడు. అది ఎండిపోయింది సార్ అని అన్న చెప్పాడు. సారు ఒక రాయి తీసి లోపలికి విసిరాడు. అడుగు బండకు తగిలి టక్కుమంది. వినపడింది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

"నీళ్ళు లేవు, నిజమే," అన్నాడు సారు. "కానీ బావి ఉంది కదమ్మా. నీటి వసతి లేని పొలానికే బోరు."

బావి వేరు, నీళ్ళు వేరు కదా సార్ అన్నాను. నవ్వాడు. రూలు అలాగే ఉందట. ఫోన్లో ఫోటో తీసి పంపాలట, ఫోటోలో బావి కనపడితే పైవాళ్ళు తిప్పి పంపేస్తారట, నీళ్ళున్నాయా లేవా అని తొంగి చూసేవాడు పైన ఎవడూ ఉండడట. అన్న చాలాసేపు వాదించాడు. ఎండిన బావి రైతుకు నీటి వసతి అయితే, ఎండిన చెరువు ఊరికి నీటి వసతి అవుతుందా అని అడిగాడు. సారు విసుక్కోలేదు. వెళ్ళబోతూ గొంతు తగ్గించి, పూడ్చేసుకుంటే ఏ గొడవా ఉండదు, ఖాళీ నేల ఫోటో పడుతుంది, నేనే దగ్గరుండి పంపిస్తాను అని మంచిమాట చెప్పినట్టు చెప్పి బండెక్కాడు. కాగితం మీద ఏమీ రాయలేదు.

ఆ మాట విన్నాక నాయన అన్నం దగ్గర కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. నేనే ఊరుకోలేక, వానకాలంలోనైనా నాలుగు బిందెలు చేరే బావిని పూడ్చమనేవాడికి కడుపుకు అన్నమే తింటున్నాడా అని తిట్టిపోశాను. నాయన కూడా నాలాగే తిడతాడనుకున్నాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"పూడుస్తాము పాపా," అన్నాడు.

నేను గొంతు పెంచాను. ఆయన పెంచలేదు.

"తోట పోతే నువ్వు ఆ వ్యాను ఎక్కాల. అది నేను సూడలేను. బావిని సూడకుండా ఉండగలను."

ఆయన నా కోసం వాళ్ళ నాయన తవ్విన బావిని ఇచ్చేస్తున్నాడు. అన్న కూడా తన భాగం గురించి ఒక్క మాట అనలేదు. సరే చిన్నాయనా, బోరు వస్తే ఇద్దరం బతుకుతాము అన్నాడు.

పూడ్చడానికి జేసీబీ వచ్చింది. ముందు గట్టు రాళ్ళను లోపలికి తోసింది, తరువాత మట్టి. తవ్వడానికి మనుషులకు ఎన్ని నెలలు పట్టిందో గానీ పూడ్చడానికి మధ్యాహ్నం కూడా కాలేదు. అంతకుముందు నాయన నన్ను పొంగలి వండమన్నాడు. బావిలో పూడిక తీసేటప్పుడు గంగమ్మకు పొంగలి పెట్టడం మాకు ఉంది. పూడ్చేటప్పుడు పెట్టడం ఎవరూ వినలేదు. అయినా వండాను. ఆకులో పెట్టి బావిలోకి వదిలి, దండం పెట్టుకుని, ఆయన ఒక పాత ప్లాస్టిక్ గొట్టం తెచ్చి బావి మధ్యలో నిలబెట్టించాడు. దాని చుట్టూ మట్టి పోయించాడు. గంగమ్మకు ఊపిరి ఆడాలంట. పూడ్చిన నేలకు పైన మూరెడు గొట్టం నిలబడి ఉంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

సారు ఫోటోకు వచ్చాడు. చాలా బాగుంది అన్నాడు. అంతలో గొట్టం చూశాడు. ఇదేంటి పెద్దాయనా, ఫోటోలో బోరు ఉన్నట్టు పడుతుంది, పీకేయండి అన్నాడు. నాయన నా వైపు చూశాడు. నేను నేలచూపులు చూశాను, నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే భయంగా ఉంది. అన్న వెళ్ళి గొట్టం ఊపి ఊపి పీకేశాడు. ఆ తరువాత సారు నాయననూ అన్ననూ ఆ మట్టి మీదే నిలబెట్టి, కొంచెం దగ్గరగా జరగండి, నిటారుగా నిలబడండి అంటూ ఫోటో తీసుకున్నాడు. నీటి వసతి లేని రైతులు. ఆ ఫోటో ఎక్కడుందో తెలియదు గానీ దొరికితే చింపి పొయ్యిలో పెడతాను.

బోరు మాత్రం వచ్చింది, అబద్ధం చెప్పను. ముందు ఒకాయన పెట్టె లాంటి మిషను తెచ్చి, నేలలో మేకులు కొట్టి, అన్న చేనుకూ మా చేనుకూ మధ్య గెనిమ మీద సున్నంతో గుర్తు పెట్టిపోయాడు. తరువాత బోరు లారీ వచ్చింది. ఊరు ఊరంతా చేరింది. తెల్ల దుమ్ము లేచి మల్లెచెట్ల మీద పిండిలా పడుతుంటే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి దుమ్ము ఆగి బురద రావడం మొదలైంది. నాయన పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ బురదను రెండు చేతులా పట్టుకుని, తడి తగిలింది పాపా, తడి తగిలింది అని నాకు చూపించాడు. ఆయన అలా పరుగెత్తడం నేను చూడడం అదే మొదటిసారి.

అప్పుడే మిషను ఆగిపోయింది. లారీ వాళ్ళు రాడ్లు పైకి తీయడం మొదలుపెట్టారు. ఇంకొంచెం దించితే నీళ్ళు పడతాయని అందరూ మొత్తుకున్నారు. మాకు చెప్పినంత లోతే వేస్తాం, అంతకు మించి అయితే మీ సొంతం అన్నారు. మా దగ్గర సొంతం ఏముంది? ఉన్న సొంతం పూడ్చేసుకుని కదా నిలబడ్డాం. నాయన చేతుల్లో బురద అలాగే ఉంది, బతిమాలుతున్నాడు. ఎదుటివాళ్ళు కూడా కూలికి వచ్చినవాళ్ళే, వాళ్ళ మీద అరిచి ఏం లాభం? ఇంకో ఊళ్ళో పని ఉందని వెళ్ళిపోయారు. ఆ తడి మూడు బిందెలు నింపి ఆగిపోయింది. పిల్లలు రాళ్ళు వేస్తారని నాయన ఆ బోరు గొట్టం మూతి మీద బండ పెట్టాడు.

ఆ ఎండలకు పక్క చేను ఆయన గొట్టం కూడా ఇవ్వలేదు. మీకు బోరు వచ్చింది కదబ్బా అన్నాడు. నీళ్ళు రాలేదయ్యా అంటే, అది మీకూ గవర్మెంటుకూ మధ్య సంగతి అన్నాడు. ఆయన బోరు కూడా తగ్గిపోయిందని తరువాత తెలిసింది. బిందెలతో మోశాను. వీధి కుళాయి నీళ్ళు మోస్తుంటే తాగే నీళ్ళు చెట్లకు పోస్తావా అని ఊళ్ళో వాళ్ళు తిట్టారు, వాళ్ళు తిట్టడంలోనూ న్యాయం ఉంది. ఒక వైపు నుంచి సాళ్ళు ఎండుతూ వచ్చాయి. చివరి సాలు మొగ్గలు వేసి మొగ్గల్లోనే మాడిపోయింది. ఎండిన మల్లెమోళ్ళు నేనే పీకాను. పొయ్యిలో పెడితే చిటపటలాడుతూ బాగా మండాయి.

నేను వ్యాను ఎక్కాను.

మొదటి రోజు హారను వినపడగానే నాయన ఇంట్లోకి వెళ్ళిపోయాడు. అన్నం క్యారియరు పట్టుకుని పోతున్నా నాయనా అంటే లోపలి నుంచే ఊ అన్నాడు. ఆ తరువాత ప్రతిరోజూ అంతే. వ్యాను వచ్చేసరికి ఆయన బయట ఉండడు. బావిని చూడకుండా ఉండగలనన్నాడు. నన్ను వ్యానులో చూడలేనన్నాడు. చివరికి బావీ తోటా రెండూ లేకుండా చేశారు కదా అని వ్యానులో కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని. అవసరానికి అడుక్కున్నవాళ్ళకు అన్యాయం చేస్తే చేశారు, చేతిలో ఉన్నది కూడా ఊడబెరకడం ఏం సాయం? ఇది సాయమైతే ఇంక ఎవరూ మాకు సాయం చేయొద్దు.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఆకాశానికి చిల్లు పడిందా అన్నట్టు కురిసింది. కాలువలు రోడ్లెక్కాయి, వ్యాను కూడా రాలేదు. వాన వెలిసి బయటికి వస్తే, చుట్టుపక్కల ఎండిపోయిన పాత బావులన్నీ గట్టు దాకా నిండి ఉన్నాయి. వంగి చెంబుతో ముంచుకోవచ్చు. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోని బావులు. పిల్లలు ఈతలు కొట్టారు. జనం పాత మోటార్లు బయటికి తీశారు. మా బావి దగ్గర మాత్రం పోసిన మట్టి కుంగిపోయి ఒక గుంత పడింది, అందులో ఎర్రటి నీళ్ళు, ఆ నీళ్ళలో ఎవరిదో ఎనుము పడుకుని ఉంది. నాయన గెనిమ మీద నిలబడి చూస్తున్నాడు. ఎనుమును తోలలేదు. నేనే పుల్ల తీసుకుని అదిలించాను, అది లేచి పోయింది, ఆ నీళ్ళు కూడా సాయంత్రానికి ఇంకిపోయాయి.

ఆ తరువాతి విడ్డూరం వినండి. సంక్రాంతి పోయాక ఊళ్ళో మీటింగు అన్నారు. పాత బావులను బాగు చేసుకోవడానికి సాయం వస్తోందంట. పూడిక తీసుకోవచ్చు, గట్లు కట్టుకోవచ్చు, నీళ్ళు ఇంకే గుంతలు తవ్వుకోవచ్చు. నేను కంపెనీలో లీవు పెట్టి నాయనను తీసుకుపోయాను. ముందటి సారు బదిలీ అయిపోయాడు, ఈయన కొత్త. బావులు మన పెద్దల ఆస్తి అని చక్కగా మాట్లాడాడు. ఆ మాటలు ఇంకొకరి నోటి నుంచి వచ్చి ఉంటే నాకూ నచ్చేవి. బావి ఉన్నవాళ్ళు పేర్లు చెప్పమంటే నాయన లేచి, మాది పూడిపోయి ఉండాది సామీ, తవ్వుకోవాల అన్నాడు. ఎలా పూడింది అని అడిగాడు. మేమే పూడ్చినాము అన్నాడు నాయన.

"బావిని పూడ్చుకుంటారా ఎవరైనా?" అన్నాడు సారు. "తాతలు కష్టపడి తవ్విందాన్ని?"

నలుగురు నవ్వారు. మా ఊరివాళ్ళే, పూడ్చిన రోజు నిలబడి చూసినవాళ్ళే. నాయన తల దించుకున్నాడు, కండువా సర్దుకున్నాడు, కూర్చోబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోనివ్వలేదు.

"మీవాళ్ళు పూడ్చమంటేనే పూడ్చినాము సార్. బావి ఉంటే బోరు రాదన్నారు. ఫోటో కూడా తీసుకున్నారు. ఎండిపోయిందని రాయి వేసి సూసిన మనిషే నీళ్ళ వసతి ఉండాదన్నాడు. మా నాయనకు బుద్ధి లేక పూడ్చలేదు, మిమ్మల్ని నమ్మి పూడ్చినాడు."

సారు నా వైపు తిరిగాడు. అలా ఎవరు చెప్పారు, కాగితం ఏమైనా ఉందా అని అడిగాడు. లేదు. ఆయన పక్కనున్న అబ్బాయి ఫోన్లో ఏదో చూసి చెవిలో చెప్పాడు. సారు మళ్ళీ మా వైపు తిరిగి, చాలా మర్యాదగానే, మీ పేరు మీద బోరు వేసినట్టు ఉందమ్మా, నీటి వసతి ఉన్నవాళ్ళ కింద వస్తారు, దీనికి మీరు రారు అన్నాడు. బోరులో నీళ్ళు లేవని చెప్పడానికి నోరు తెరిచాను. ఎండిన బావి గురించి మాట్లాడినట్టే ఎండిన బోరు గురించీ మాట్లాడాలి, అంతే కదా. నాకు ఒక్కసారిగా అసహ్యం వేసింది. నాయన చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

దారిలో నాయన ఒక్క మాటే అన్నాడు. "అన్నను పిలు."

నాకు సెలవున్న రోజుల్లో తవ్వడం మొదలుపెట్టాం. అన్న బావి మీద రెండు దూలాలు వేసి గిలక కట్టాడు. నాయనా అన్నా దిగి మట్టి నింపుతారు, నేనూ వదినా గంప లాగి పారబోస్తాం. జేసీబీ దించడానికి చోటు లేదు, తోసిన రాళ్ళు అడ్డంగా ఇరుక్కుని ఉన్నాయి. ఒక్కో రాయిని తాళ్ళు కట్టి పైకి తీస్తుంటే నడుములు విరిగిపోతున్నాయి. ఒకరోజు తవ్వుతుంటే పొంగలి పెట్టిన ఆకు తొడిమ కూడా దొరకలేదని నాయన అంటే, పాచిపోయిన పొంగలి ఎక్కడ దొరుకుతుందని నేను కసిరాను. నాకు ఆయన మీద కూడా కోపమే. నా కోసం ఇంత పని చేశాడే అని కోపం. నేను అడగలేదు, కానీ నా వల్లే.

మనిషి మునిగేంత లోతు అయ్యేసరికి కబురు ఊరంతా పాకింది. పోయిన ఆదివారం ఆ కొత్త సారు బండి మా చేను గెనిమ దగ్గర ఆగింది. వెంట ఫోన్లో చూసే అబ్బాయి. నేను మట్టి పారబోస్తూ చూసి ఎదురు పోయాను. రైతులే సొంతంగా బావి తవ్వుకుంటున్నారని విన్నాం, చాలా సంతోషం, అందరికీ ఆదర్శంగా ఉంటుంది, రెండు ఫోటోలు తీసుకుంటాం అన్నాడు. సాయం వస్తుందా సార్ అని అడిగాను. అది వేరు, ఇది వేరు అన్నాడు.

గెనిమ పక్కన కొట్టేసిన తుమ్మ కంప ఉంది. పెద్ద మండ ఒకటి ఈడ్చుకొచ్చి దారికి అడ్డంగా వేశాను. చేతికి ముళ్ళు దిగాయి, అప్పుడు తెలియలేదు.

"మా నాయన్ను ఒకసారి మట్టి మీద నిలబెట్టి ఫోటో తీసినారు సార్," అన్నాను. "మళ్ళీ తీయనీను."

ఆయన బండి తిప్పుకున్నాడు. బండి చప్పుడు బావిలోకి వినపడినట్టుంది.

"ఎవురు పాపా అది?" అని నాయన లోపలి నుంచి అరిచాడు. "వ్యానా?"

ఆదివారం వ్యాను రాదని ఆయనకు తెలుసు. అయినా బండి చప్పుడు వినపడితే ఆయనకు అదే గుర్తొస్తుంది.

"వ్యాను కాదు నాయనా, ఎవురూ లేరు. గంప నింపు," అన్నాను.